నడుం లోతు నల్లా

“మాకైతే నీళ్ళ బాధ లేదు సార్” అన్నాడు ఉపేందర్, నేను తెచ్చిపెట్టిన మంచినీళ్ళ గ్లాసును రాజలింగం సార్ ముందుకు జరుపుతూ.

నేను అప్పటికి వంటింట్లోకి వచ్చేశాను. ఒక చెవి పోపు మీద, ఇంకో చెవి మోటర్ మీద ఉంది. మా జనగామ ఇంట్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ పొద్దున్నే, సన్నగా. సడి వినగానే లేచి వాల్వు తిప్పి సంపు నింపుకోవాలి. సంపు నిండాక మోటర్ వేసి మేడమీది ట్యాంకుకు ఎక్కించాలి. నిండగానే బంద్ చెయ్యాలి. మధ్యలో గాలి పట్టేసి మోటర్ ఉత్తగా తిరిగితే మూత విప్పి చెంబుతో నీళ్ళు పోసి మళ్ళీ దాన్ని దారిలో పెట్టాలి. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఇది నా పని. ఎవరూ అప్పజెప్పింది లేదు, నేను ఒప్పుకున్నదీ లేదు. ఆ ఇంట్లో నా పేరు గట్టిగా వినిపించేది ట్యాంకు పొంగినప్పుడే. “కల్యాణీ, నీళ్ళు పోతున్నయ్” అని వాకిట్లోంచి అత్తమ్మ, బాత్రూంలోంచి మా ఆయన ఉపేందర్, ఒక్కోసారి పక్కింటివాళ్ళు కూడా పిలుస్తారు. ట్యాంకు నిండుగా ఉన్న రోజున ఎవరికీ నా పేరు గుర్తుకు రాదు. తిప్పితే నీళ్ళు వస్తాయి, అంతే. అందుకని ఉపేందర్‌కు నీళ్ళ బాధ లేదు. ఆయన అన్న ఆ ‘మాకు’లో నేను ఎక్కడ ఉన్నానో ఆవాలు చిటపటలాడుతున్నంతసేపూ వెతుక్కున్నాను.

రాజలింగం సార్ మహబూబాబాద్ వైపు ఊళ్ళ తాగునీళ్ళ పనులు చూసే ఇంజినీరు. కేసముద్రం పైపులైను మీద మేము చేసిన నీళ్ళ మోడల్ చూసిపోదామని వచ్చాడు. కంప్యూటర్ తెర మీద ఊళ్ళూ తండాలూ చుక్కల్లా కనిపిస్తుంటే ముచ్చటపడి, ఇంత ఓపిగ్గా ఎవరు చేశారయ్యా అని అడిగాడు. “మా టీమే సార్” అన్నాడు ఉపేందర్. ఆ టీము పోపులో కరివేపాకు వేసి మూత పెట్టింది.

మోడల్ అంటే పెద్ద మాయేమీ కాదు. నీళ్ళు పోయే పైపులన్నిటినీ కంప్యూటర్లో గీస్తాం. ట్యాంకు ఎంత ఎత్తున ఉంది, పైపు ఎంత లావు, లోపల ఎంత గరుకు, ఏ ఇంటి ముందు నేల ఎంత మిట్ట, ఏ వేళకు ఎన్ని నీళ్ళు వాడుకుంటారు, ఇవన్నీ చెబితే చివరి నల్లా దాకా నీళ్ళు ఏపాటి బలంతో చేరతాయో అది లెక్కగట్టి చూపిస్తుంది. చేరితే పచ్చచుక్క, చేరకపోతే ఎర్రచుక్క. నేను చదివిన ఎం.టెక్ ఇదే. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిందీ ఇదే. పాప కడుపులో పడ్డాక “కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండు, పని యాడికి పోతది” అన్నారు. పని నిజంగానే ఎక్కడికీ పోలేదు, నా వెనకే ఇంటికి వచ్చింది. ఉపేందర్ జనగామలో ఆఫీసు తెరిచి బోర్డు పెట్టుకున్నాడు. బోర్డు బజార్లో ఉంది, ఆఫీసు మా అన్నం బల్ల మీద ఉంది. పళ్ళేలు ఎత్తేసి, తుడిచి, తడి ఆరాక నేను ల్యాప్‌టాప్ పెట్టుకుంటాను. “మా ఆమె గూడ కంప్యూటర్ల జర సాయం చేస్తది” అని చుట్టాలతో చెబుతాడు, అదీ మంచి మనసుతోనే. భూపాలపల్లి అడవి పక్క పల్లెల మోడల్ పూర్తయినప్పుడు ఆయనకు శాలువా కప్పారు. దాని మీద పడ్డ కుంకుమ మరక పోవడానికి నేను రెండుసార్లు ఉతికాను.

కేసముద్రం లైను చివర ఒక తండా ఉంది. మిట్ట మీద ఉంటుంది. నేను మోడల్ నడిపిన మొదటి రోజే ఆ చుక్క ఎర్రగా వచ్చింది. అది మా రాజక్క తండా అని నాకు తెలుసు. సొంత అక్క ఇల్లు కాబట్టి ఇంకోసారి సరిచూసుకున్నాను. మళ్ళీ ఎరుపే. ఉపేందర్ మనుషుల్ని పంపాడు. వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, ప్రతి ఇంట్లోనూ నీళ్ళు వస్తున్నాయన్నారని చెప్పారు. అట్లాంటప్పుడు మోడల్‌ను ఊరికి సరిపడేట్టు సవరించాలి, అదే పద్ధతి. పైపు లోపలి గరుకుతనం కొంత తగ్గించాను. అయినా ఎరుపు పోలేదు. ఇంకా తగ్గించాను. చివరికి చుక్క పచ్చబడేసరికి, భూమిలో ఇన్నేళ్ళుగా నానుతున్న ఆ పైపు, ఫ్యాక్టరీ నుంచి నిన్న దిగిన పైపు కంటే నున్నగా తయారయింది. ఇదెట్లా కుదురుతుందని అడిగాను. “ఫీల్డుల నీళ్ళు వస్తున్నయన్నంక మన అనుమానాలెందుకు, లెక్క కలిపెయ్” అన్నాడు. పని త్వరగా ముగించమని ఆయన మీద హైదరాబాద్ కంపెనీ ఒత్తిడి ఉంది. పెద్ద పని వాళ్ళది, మాది వాళ్ళ కింద చిన్న పని. ఏ చుక్కలు ఎర్రగా ఉంటే ఆ ఊళ్ళకు కొత్త ట్యాంకు కట్టాలని అధికారులు తీర్మానిస్తారు. పచ్చగా ఉన్న ఊరు వంక మళ్ళీ కొన్నేళ్ళ దాకా ఎవరూ చూడరు.

అప్పటి నుంచీ నాకు కుదురు లేదు. పప్పు తిప్పుతుంటే పైపు గుర్తొచ్చేది. పాపకు జడ వేస్తూ వేస్తూ ఆగిపోతే “అమ్మా, ఇంకో జడ” అని అదే గుర్తుచేసేది. లెక్క తప్పయితే ఎక్కడ తప్పు? లెక్క తప్పు కాకపోతే, మిట్ట మీదికి నీళ్ళు ఎట్లా ఎక్కుతున్నాయి? పోయి కళ్ళతో చూసొస్తానంటే ఉపేందర్ నవ్వాడు. “ఫీల్డ్ సంగతి మొగోళ్ళం చూసుకుంటం గద. ఎండల నీకెందుకు పరేషాన్?” ఎండ నాకు కొత్తయినట్టు మాట్లాడతాడు. పత్తి చేన్లో పెరిగిన పిల్లను చేసుకుని ఎండ నుంచి కాపాడుతున్నాడు.

ఇంతలో రాజక్కకు నడుం పట్టేసిందనీ, లేవలేకపోతే దవాఖానకు తీసుకుపోయి తెచ్చారనీ ఫోనొచ్చింది. అక్కను చూసి రావడానికి పోతానన్నాను. “నువ్వు పోతె నీళ్ళెవరు పడ్తరు?” అంది అత్తమ్మ. నాకు చిర్రెత్తింది గానీ తర్వాత ఆలోచిస్తే ఆ ఇంట్లో నీళ్ళు వాటంతట అవి రావనీ, ఒక మనిషి పట్టాలనీ తెలిసినది ఆమె ఒక్కతే. తన కాలంలో ఆమే పట్టింది కదా. ఉపేందర్ మాత్రం వెంటనే సరేనన్నాడు. సాయంత్రానికల్లా వచ్చెయ్యమన్నాడు. మోడల్‌ను అధికారులకు చూపించే మహబూబాబాద్ మీటింగు దగ్గర పడింది, అక్కడ చూపించాల్సిన చుక్కల బొమ్మలు ఇంకా నేను చెయ్యలేదు. ల్యాప్‌టాప్ వెంట పెట్టుకుని రైలెక్కాను.

కేసముద్రంలో దిగేసరికి మార్కెట్ యార్డు ముందు పత్తి లారీలు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉన్నాయి. ఆటో వాటి మధ్య నుంచి దూరి తండాకు చేరేటప్పటికి నల్లా వచ్చే వేళయింది. చత్రు బావ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అక్క ఏదని అడిగితే కూర్చున్నచోటి నుంచే చెయ్యి చూపించాడు. అటు చూస్తే మనిషి లేదు. నేలకు ఆనించినట్టు ఒక తల ఉంది.

దగ్గరికి పోయాను. గుంత. ఇంటి ముందు నల్లా దిమ్మె పగలగొట్టి, పైపు పొడుగునా కిందికి తవ్వి, పైపును అక్కడే కోసి వదిలేశారు. గుంత అడుగున రాజక్క వంగి బిందెకు పైపు మూతి ఆనించి పట్టుకుంది. దవాఖానలో ఇచ్చిన బెల్టు చీర మీదుగా నడుముకు బిగించి ఉంది. బిందె నిండగానే రెండు చేతులా ఎత్తి ఛాతీ దాకా తెచ్చి, ఒక క్షణం ఆగి, గట్టు మీదికి నెట్టింది. నన్ను చూసి నవ్వింది. నేను తలెత్తి వీధి పొడుగునా చూశాను. ప్రతి ఇంటి ముందూ ఒక గుంత, ప్రతి గుంతలో ఒక ఆడమనిషి తల. వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటున్నారు కూడా, గట్ల మీద కూర్చున్నంత మామూలుగా.

“నీళ్ళు పైన రావా అక్కా?” అన్నాను. మా ఇంటి లంబాడీ మాటలోనే మాట్లాడుకున్నాం.

“పైకి ఎక్కయ్ చెల్లె. ఎండకాలమొస్తె ఇంకింత తవ్వుకుంటం.”

“సర్వేకు వచ్చినోళ్ళు నిన్ను అడగలేదా?”

“నేను గుంతల ఉన్న. మీ బావను అడిగి పోయిండ్రు.”

బావ మంచం మీద నుంచే అందుకున్నాడు. వస్తున్నయనే చెప్పాడట. ఇంట్లో కడవలు నిండే ఉంటాయి, స్నానానికి నీళ్ళుంటాయి, తాగబోతే నీళ్ళుంటాయి, మరి రావట్లేదని ఎట్లా చెబుతాం అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసిన నీళ్ళు కడవలోంచే మొదలవుతాయి. నీళ్ళ బాధ లేదని ఉపేందర్ రాజలింగం సార్‌తో చెప్పినదీ అబద్ధం కాదు. ఇద్దరు మగవాళ్ళూ చూసిందే చెప్పారు. చూడాల్సినది మాత్రం గుంతలో వంగి ఉంది.

అక్కను చెయ్యిచ్చి పైకి లాగి నేను దిగాను. వద్దంది, మంచి చీర పాడవుతుందంది. నేల నా నడుం దగ్గరికి వచ్చింది. బిందె పట్టాను, ఎత్తాను. చదువుకున్న చేతులు కదా, గట్టు మీద పెట్టేలోపు సగం నా మీదే ఒలికాయి. అక్క పగలబడి నవ్వి, నవ్వినందుకు నడుం పట్టుకుని కూర్చుంది. నాకు నవ్వు రాలేదు. ఆ గుంత లోతు నాకు ఎక్కడో తెలిసినట్టు అనిపించింది. గట్టెక్కి తడి కొంగుతో చేతులు తుడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. నేను నున్నగా చేసిన పైపును మళ్ళీ దాని అసలు గరుకుకు తెచ్చి మోడల్ నడిపాను. చుక్క ఎర్రబడింది. నీళ్ళు ఎంతవరకు ఎక్కి ఆగిపోతున్నాయో చూశాను. నేలకు నడుం లోతు కింద ఆగుతున్నాయి.

ఏడుపొచ్చింది. అన్నం బల్ల మీద కూర్చుని నేను కట్టిన లెక్క మొదటి రోజు నుంచీ సరైనదే. ఆ లెక్క చెప్పినచోటు దాకా ఈ ఆడవాళ్ళు పారలతో తవ్వుకుంటూ పోయి నీళ్ళను కలుసుకున్నారు. మగవాళ్ళను అడిగి తెచ్చిన ఒక్క మాట కోసం మేము దాన్ని చెరిపేశాం. ట్యాంకు నుంచి గుంత దాకా నీళ్ళను పైపు తెస్తోంది. గుంత నుంచి నేల దాకా రాజక్క నడుం తెస్తోంది. ఆ నడుమును నేను పైపు నునుపు కింద జమకట్టేశాను. కంప్యూటర్‌కు ఆ తేడా తెలియదు, ఎవరు మోసినా దానికి పచ్చచుక్కే.

రైల్లో కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేకపోయాను. తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను, మళ్ళీ వచ్చాను, మళ్ళీ పోయాను. ఇంటికి వచ్చేసరికి నల్లా పైపు వాల్వు తిప్పి తిప్పనట్టే వదిలేశారు, గిన్నెలు సింకులో ఉన్నాయి, ఉపేందర్ టీవీ ముందున్నాడు. చేతులు కడుక్కోకుండానే అంతా చెప్పాను. గుంతలు, తలలు, బెల్టు, నేను ఒలకబోసుకున్న బిందె, ఎర్రబడ్డ చుక్క. ఆయన టీవీ శబ్దం తగ్గించి శ్రద్ధగానే విన్నాడు. విని అన్నాడు.

“గుంతల వచ్చినా వచ్చినట్టే గద కల్యాణీ.”

ఆయన అరవలేదు, తిట్టలేదు. అరిచుంటే నాకు తేలికయ్యేది. పచ్చచుక్కలతో ఉన్న మోడల్ కంపెనీవాళ్ళకు ఇదివరకే చూపించేశానన్నాడు. ఇప్పుడు ఒక తండా ఎరుపంటే మిగతా లైనంతా మళ్ళీ చూడమంటారు, ఇంకెన్ని గుంతలు బయటపడతాయో, ఆ తర్వాత మనకు పనెవరిస్తారు అన్నాడు. అక్క మీద ప్రేమ ఉండొచ్చు, కానీ అక్క నడుం నొప్పిని రిపోర్టులో పెట్టలేం కదా అని ఓదార్పుగా భుజం మీద చెయ్యి వేశాడు. నీళ్ళు ఎక్కడిదాకా ఎక్కుతాయో చెప్పడమే కదా రిపోర్టు అన్నాను. “గిప్పుడు నువ్వు అలసిపోయినవ్. పొద్దున చూద్దం. బొమ్మలైతే పచ్చవే చేసిపెట్టు” అన్నాడు. చేసిపెట్టు. ఆ మాట నాకు చాయ్‌కీ వర్తిస్తుంది, మోడల్‌కీ వర్తిస్తుంది. పెట్టి పక్కకు జరగాలి.

మర్నాడంతా ఆయన అడిగినప్పుడల్లా అవుతున్నాయనే చెప్పాను. పచ్చచుక్కల ఫైలు ఆయన ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంది, దాన్ని నేను ముట్టుకోలేదు. నా దాంట్లో మాత్రం ఆ లైను మీది పైపులన్నిటినీ వాటి వయసుకు తగ్గ గరుకుకు తెచ్చి మళ్ళీ నడిపాను. ఉపేందర్ భయపడింది నిజమే. మిట్ట మీది చుక్కలు ఇంకొన్ని ఎర్రబడ్డాయి. ఒక్కో చుక్క ఎర్రబడుతుంటే అక్కడ ఎంత లోతున ఎవరు వంగి ఉన్నారో కనిపించసాగింది. ఆఫీసుకు వచ్చే ఉత్తరాలు చూసేదీ జవాబులు రాసేదీ నేనే కాబట్టి, రాజలింగం సార్ ఎప్పుడో పంపిన మెయిల్ ఒకటి నాకు గుర్తుంది. మోడల్ చేసినవాళ్ళు కూడా మీటింగుకు వస్తే సందేహాలు అడగొచ్చని రాశాడు. రాలేరని ఉపేందర్ నాతోనే జవాబు రాయించాడు. ఇప్పుడు దాని కిందే ఇంకో జవాబు రాశాను. మోడల్ చేసింది నేనే, పేరు కల్యాణి, మీరు వచ్చిన రోజు మీకు నీళ్ళు తెచ్చిచ్చాను, చివరి తండా విషయంలో మేము ఇచ్చిన ఫలితం తప్పు, రేపు నేనే వచ్చి చూపిస్తాను. పంపాను. అన్నం వండటానికి లేస్తే బియ్యం కడిగిన నీళ్ళతో పాటు కాసిని బియ్యం కూడా పారబోశాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా జవాబు వచ్చింది. “రండి మేడం, ఆ తండా సంగతే ముందు చూద్దాం.”

మీటింగు రోజు పొద్దున నల్లా వచ్చింది. సంపు మూత కింద నుంచి ఆ సన్నటి సడి నాకు బాగానే వినిపించింది. ఒళ్ళు దానంతట అదే లేవబోయింది, ఇన్నేళ్ళ అలవాటు కదా. మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. నాకోసం కాదు, పాపకోసమైనా లేవాలనిపించింది. లేచి వాకిట్లో నల్లా కింద ఒక్క బిందె పట్టాను, పాపకూ అత్తమ్మకూ సరిపోయేంత. సంపు వాల్వు తిప్పలేదు. మోటర్ వెయ్యలేదు. నీళ్ళు వచ్చి, ఆగి, వెళ్ళిపోయాయి. పాపకు స్నానం చేయించి బడి బస్సెక్కించి వచ్చాను. మంచి చీర కట్టుకున్నాను, గుంతలో బురద అంటిన చీరే, ఉతికినా అంచున కాస్త ఎర్రమన్ను నిలిచిపోయింది. ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకున్నాను.

బాత్రూంలో ఉపేందర్ కూనిరాగం తీస్తున్నాడు. మీటింగుకు ఇస్త్రీ చొక్కా తలుపుకు తగిలించి ఉంది. అది నిన్న సాయంత్రం నేను ఇస్త్రీ చేసిందే. ఇంత జరుగుతున్నా చెయ్యి ఊరుకోలేదు మరి. కాసేపటికి రాగం ఆగింది. ట్యాపు బుసబుసమని గాలి వదిలింది. తిప్పిన చప్పుడు, కట్టిన చప్పుడు, మళ్ళీ తిప్పిన చప్పుడు.

వాకిట్లో కూర్చున్న అత్తమ్మ నా భుజాన ఉన్న బ్యాగు చూసింది. బాత్రూం తలుపు వైపు చూసింది.  పక్కన ఉన్న బిందెను తన దగ్గరికి జరుపుకుంది.

“కల్యాణీ,” లోపల్నుంచి ఉపేందర్ గొంతు, సబ్బు నురగలోంచి వస్తున్నట్టుంది. “ఇయ్యాల నీళ్ళు రాలేదా?”

“వచ్చినయ్” అన్నాను చెప్పులు వేసుకుంటూ. “పట్టేటోళ్ళు లేరు.”